నీలం నాలుక

దూడల రక్తం చుక్కలు వేసిన గుంటల ప్లేటుని ఇంక్యుబేటర్లో పెట్టి, తలుపు మూసి, టైమరు మీద అరవై నిమిషాలు నొక్కాక ఇక చేతులకి పని లేకుండా పోయింది. ఆమెకి భయం వేసేది అక్కడే. చేతులకి పనున్నంతసేపూ మనసు ఓ మూల బుద్ధిగా కూర్చుంటుంది, పని అయిపోగానే లేచి మీద పడుతుంది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. పదీ నలభైకి ప్లేటు బయటికి తియ్యాలి, రంగు చుక్కలు వెయ్యాలి, ఓ పది నిమిషాలు ఆగాలి, అంటే పదీ యాభైకల్లా ఏ దూడ రక్తంలో ఎంత బలం ఉందో తెలిసిపోతుంది. పదకొండింటికి కింద షెడ్డులో ల్యాబు పెద్దాయన, టీకా నిలబడుతుందో లేదో చూడడానికి, దూడల ముక్కుల్లోకి వైరస్ కొడతారు. మధ్యలో పది నిమిషాలు. మెట్లు దిగి, నడవా దాటి, షెడ్డు అద్దం ముందు నిలబడి ఒక్క మాట చెప్పడానికి పది నిమిషాలు చాలవూ? ఎక్కువే. ఆ ఒక్క మాట మూడు వారాలుగా నోట్లోనే ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంది, పళ్ళు తోముకుంటున్నప్పుడు ఉంది, నిన్న అత్తగారి కాలికి కట్టు మారుస్తున్నప్పుడు కూడా ఉంది. ఆవిడ "ఏమిటమ్మాయ్, ఏదో అనబోయి ఆగిపోయావ్?" అంటే "ఏం లేదత్తయ్యా, కట్టు బిగుతుగా ఉందా అని" అంది. బిగుతుగా ఉన్నది కట్టు కాదని ఆవిడకి ఎలా చెప్పడం?

తప్పు చేశానని చెప్పడం ఒక ఎత్తు. చేశానో లేదో నాకే తెలీదని చెప్పడం ఇంకో ఎత్తు. ఆరు దూడలు: రెండు, అయిదు, ఏడు, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు. చెవులకి పసుపు బిళ్ళలు, బిళ్ళల మీద నంబర్లు. ఈ ఆరింటికీ మూడు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. పక్క గదిలోని నాలుగింటికి ఏమీ ఇవ్వలేదు, అవి పోల్చి చూడడానికి. కాగితం మీద ఆరింటికీ రెండేసి టిక్కులున్నాయి. రెండో డోసు టిక్కులు పెట్టింది తనే, ఆరూ ఒకేసారి, గుమ్మంలో నిలబడి, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని. అందులో ఒక టిక్కు అబద్ధం. అది ఏడుదే. ఏడుదే అని ఆమె మనసు మూడు వారాలుగా ఘోషిస్తోంది. దాని మొహాన తెల్లటి మచ్చ, ఒక కన్ను చుట్టూ నల్లగా, ఎవరో కాటుక పెట్టబోయి మధ్యలో వదిలేసినట్టు.

ఈ ఊపిరి జబ్బు టీకా పెద్దాయనకి పద్దెనిమిదేళ్ళ పని. ఆయన ఎవరికైనా ఒకేలా చెబుతారు, విని విని ఆమెకి కంఠతా వచ్చింది. "మామూలు టీకా అంటే చచ్చిన పురుగుని ఒంట్లోకి పంపి, ఇదిగో నీ శత్రువు, మొహం గుర్తుపెట్టుకో అనడం. మనది అలా కాదు. మనం పురుగుని పంపం, పురుగు పైతొడుగు ఎలా తయారవుతుందో రాసున్న చీటీ ఒకటి పంపుతాం, అంతే. దూడ ఒళ్ళే ఆ చీటీ చదువుకుని, తొడుగు తయారు చేసుకుని, దాన్ని చూసి తనే కత్తులు నూరుకుంటుంది." చీటీ అంటే డీఎన్ఏ. ఎలుకల్లో అది అద్భుతంగా పనిచేసింది. ఆవుల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడింది. అంత పెద్ద ఒళ్ళు, అందులో ఆ చీటీ ఎవరి చేతికీ అందకుండా ఎక్కడో కొట్టుకుపోయేది. అందుకని ఆయన చీటీకి ఇంకో చీటీ జతచేశారు, ఒంట్లోని కాపలా కణాలని ఇటు రండర్రా అని పిలిచే చీటీ. సూది పడిన చోటే ఓ చిన్న కరెంటు దెబ్బ కూడా పెట్టారు, కణాల తలుపులు ఓ క్షణం తెరుచుకుంటే చీటీ లోపలికి పోతుందని. ఆ కరెంటు సంగతి విన్నప్పటి నుంచీ అత్తగారికి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పడానికి ఒక కబురు దొరికింది. "మా కోడలు ఆవులకి కరెంటు పెడుతుందండీ. పాలు పితకడం మాత్రం రాదు." ఆ మాటకి ఆమె కూడా నవ్వేది. ఇప్పుడు నవ్వడానికి దవడలు కదలడం లేదు. కిందటిసారి పరీక్షలో ఆరింటిలో రెండు రోగంతో పడిపోయాయి. పై కమిటీ వాళ్ళు ఫైలు మూసెయ్యబోతుంటే పెద్దాయన వాళ్ళ గదుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఇంకొక్క అవకాశం తెచ్చుకున్నారు. ఈసారి ఒక్క దూడ పడిపోయినా ఫైలు అటకెక్కుతుంది. ఆయనకి ఇంకో ఏడు నెలల్లో రిటైర్‌మెంటు. ఆ ఒక్క దూడ టీకా పనిచెయ్యక కాదు, టీకా పడక పడిపోతే? ఆ తేడా తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, ఇదిగో, స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు ఊపుకుంటోంది.

రెండో డోసు వేసిన రోజు అవతలి ఖాళీ గది గేటు వెల్డింగుకి పోయింది. అక్కడే మొదలైంది అంతా. మామూలుగా అయితే ఇనుప చట్రంలోకి ఒక్కో దూడనే తోలి, సూది వేసి, కరెంటు పెట్టి, వీపు మీద నీలం రంగు కడ్డీతో ఒక గీత గీసి, అవతలి గదిలోకి వదలాలి. అవతలి గదికి గేటు లేదు కాబట్టి మళ్ళీ ఇదే గదిలోకి వదిలారు. అయినవీ కానివీ కలిసిపోయాయి. "నీలం ఉంటే అయినట్టు, లేకపోతే కానట్టు, అంతేకదా డాక్టరమ్మా" అంది మేతమ్మ. దూడలకి మేత వేసే పెద్దావిడ ఆవిడ, ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలీదు. అంతే అంది తను. చెవి బిళ్ళలకి పేడా బురదా అట్టకట్టి ఉన్నాయి, ప్రతిసారీ తుడిచి నంబరు చదవడమంటే ఆలస్యం. నాలుగోది అవుతుండగా ఫోను. భర్త గొంతు. "అమ్మ బాత్రూంలో జారిపడింది, లేవలేకపోతోంది, నువ్వెంతలో వస్తావ్?" ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె ఎన్నిసార్లు తవ్వుకున్నా ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. చట్రం తలుపు చప్పుడు, దూడ అరుపు, కరెంటు యంత్రం కూత, మేతమ్మ "ఇంకోటి, ఇంకోటి" అనడం. చివరికి చూస్తే ఆరింటి వీపుల మీదా నీలం ఉంది. ట్రేలో ఆరు సీసాలూ ఖాళీ అయ్యాయి. ఆరుకి ఆరు. అంతా సరిపోయింది. ఆమె టిక్కులు పెట్టి పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్న జ్వరాలు చూడడానికి వెళ్ళి, ఏడు నోరు తెరిచినప్పుడు గుండె గుభేలుమంది. నాలుక నీలంగా ఉంది. పశువుల డాక్టరుకి దూడ నాలుక నీలంగా కనిపిస్తే ముందు గుర్తొచ్చేది రోగమే. కాళ్ళూ చేతులూ ఆడలేదు, షెడ్డంతా అంటుకుంటుందని అప్పటికప్పుడు మనసులో గేట్లన్నీ మూసేసింది. చిగుళ్ళు చూసింది, గిట్టలు చూసింది, జ్వరం చూసింది. ఏమీ లేదు. వేలితో నాలుక రుద్దితే నీలం వేలికి అంటింది. రంగు! ఉత్త రంగు! ఎంత హాయిగా నవ్వుకుందో ఆ క్షణాన, ఒక్కర్తే, పేడలో గొంతుక్కూర్చుని. నవ్వు సగంలో ఉండగా అర్థమైంది. దూడలు ఒకదాన్నొకటి నాకుతాయి. నాకితే గీత పోతుంది. గీత పోయినదాన్ని కానిదనుకుని మళ్ళీ చట్రంలోకి తోలి ఉంటారు. వీపులు రాసుకుంటే గీత పక్కదానికి అంటుకుంటుంది. అంటుకున్నదాన్ని అయినదనుకుని వదిలేసి ఉంటారు. సీసాలు ఆరూ ఖాళీ అవుతాయి, వీపులు ఆరూ నీలంగా ఉంటాయి, ఒకదానికి మాత్రం రెండు సూదులు పడతాయి, ఇంకోదానికి ఒక్కటీ పడదు. ఏడు వీపు చూసింది. మిగతావాటి మీద గీతలా ఉంది, దీని మీద మాత్రం మరకలా ఉంది. మెడ మీద గొరిగిన చోట సూది గుర్తులు వెతికింది, పాత పొక్కులూ కొత్త పొక్కులూ కలిసిపోయి ఏదీ తేలలేదు. మళ్ళీ వేద్దామంటే మిగులు సీసా లేదు. పెద్దాయన గది తలుపు తెరిచే ఉంది, ఆయన ఫోనులో ఎవరితోనో "ఈసారి ఆరుకి ఆరూ నిలబడతాయండీ, రాసిపెట్టుకోండి" అంటున్నారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు చూసుకుని, వెనక్కి వచ్చేసింది.

టైమరు నలభై నాలుగు చూపిస్తోంది. ఫ్రిజ్‌ మోటారు ఆగినప్పుడల్లా గదిలో నిశ్శబ్దం చెవుల్లోకి దిగుతోంది. భయం ఎక్కడ ఉంటుందో ఆమెకి చిన్నప్పుడే తెలుసు, నాన్న మెడ వెనక ఉంటుంది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు పశువుల కాంపౌండరు సైకిలు మీద ఐసు డబ్బాతో వచ్చాడు. టీకా వేస్తే రెండ్రోజులు పాలు తగ్గుతాయని నాన్న బాగా పాలిచ్చే ఆవులు రెండింటిని వెనక దొడ్లో గడ్డివాము చాటున కట్టేసి, "మాకున్నవి ఇవే ఏడు" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. నాన్న ఆమె వైపు చూడలేదు, చూడకుండా మెడ వెనక గోక్కున్నాడు. నెల తిరక్కుండా ఊపిరి జబ్బు వచ్చింది. ముందు ఆ రెండిటికే. ఆవు ఊపిరి తీసుకుంటే రంపం కోస్తున్నట్టు చప్పుడు వస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ముక్కుల్లోంచి నురగ, చాచిన మెడ, తెరిచిన నోరు, మాకు గాలి ఇవ్వండ్రా అన్నట్టు చూపు. కాంపౌండరు మళ్ళీ వచ్చి, "టీకా వేసినా పడ్డాయా?" అని ఆశ్చర్యపోతే నాన్న "ఏం టీకాలో ఏమో" అన్నాడు. అమ్మ కూడా అదే అంది, వీధి వీధంతా అదే అంది, మరుసటి ఏడు వీధిలో సగం మంది టీకాకి పశువుల్ని తోలుకురాలేదు. నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే. చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. తెలిసిన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవారు. ఇప్పుడు తన చెయ్యి మెడ వెనక ఉందని గమనించి, గభాలున కిందికి దించేసింది.

తలుపు చప్పుడైంది. పెద్దాయన. తెల్ల టోపీ, కళ్ళజోడు నుదుటి మీద, పెళ్ళివారింట్లో పిల్ల తండ్రిలా హడావిడి.

"ఏం అమ్మాయ్, ప్లేటు లోపలే ఉందా?"

"ఉంది సార్. ఇంకో నలభై నిమిషాలు."

"సరే, సరే. నేను కిందికి పోతున్నా. ఏమిటి, మొహం అలా పాలిపోయింది? పొద్దున ఏమన్నా తిన్నావా లేదా?"

చెప్పు. ఇదే సమయం. గదిలో ఎవరూ లేరు, ఆయన నవ్వుతూ ఉన్నారు, చెప్పెయ్. సార్, రెండో డోసు రోజున, అని మొదలుపెడితే మిగతాది అదే వస్తుంది. నోరు తెరిచింది.

"తిన్నాను సార్. నిద్ర చాల్లేదు, అంతే."

"నాకూ పట్టలేదులే. పద్దెనిమిదేళ్ళమ్మా, పిల్లాడైతే ఈపాటికి ఓటేసేవాడు" అని తన మాటకి తనే నవ్వుకుని వెళ్ళిపోయారు. ఆయన బూట్లు మెట్ల మీద ఒక్కొక్కటే దిగడం ఆమె చివరిదాకా విన్నది. ఆఖరి మెట్టు దాకా, ఇప్పుడు పిలుస్తాను, ఇప్పుడు పిలుస్తాను అనుకుంటూనే ఉంది.

చెప్పకపోవడానికి కారణం దొరికింది, మూడు వారాల్లో దొరికిన కారణాల్లోకెల్లా మంచిది. ఇంకో గంటలో ప్లేటే చెబుతుందిగా. అనుమానంతో ఆయన గుండె ఎందుకు ఆపడం? ఏడో నంబరు దూడ గుంటల్లో రంగు వస్తే మొదటి డోసుతోనే నిలబడిందనో, అసలు రెండూ పడ్డాయనో అనుకోవచ్చు, రాకపోతే అప్పుడు చెప్పొచ్చు, రుజువు చేత్తో పట్టుకుని చెప్పొచ్చు. బాగానే ఉంది. మరి ఒళ్ళెందుకు ఇలా చల్లబడుతోంది? రంగు రాకపోతే చెప్పాలి, అది భయం. రంగు వస్తే ఇక ఎవరూ అడగరు, జన్మలో చెప్పక్కర్లేదు. అది ఇంకా పెద్ద భయమని ఆమెకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కాగితం మీద ఆరు దూడలకి రెండేసి డోసులని అచ్చవుతుంది, నిజంగా ఒకదానికి మూడు, ఇంకోదానికి ఒకటి. ఆ అచ్చు చూసుకుని ఎక్కడో ఎవరో ఓ రైతు తన కొట్టం తలుపు తెరిచి, రండి, వెయ్యండి అంటాడు. మూడు వారాలుగా ఆమె ఏడుకి చాటుగా గుప్పెడు తవుడు ఎక్కువ వేసింది, రోజుకి రెండుసార్లు జ్వరం చూసింది, ఆదివారం కూడా ఏదో పని కల్పించుకుని వచ్చి దాని గంగడోలు నిమిరింది. నీకేం కాదులే, నీకేం కాదులే అంది. దూడతో అందో తనతో అందో.

ఫోను మోగితే ఉలిక్కిపడింది. మేతమ్మ.

"డాక్టరమ్మా, ఏడోది మేత తిందా అని అడిగారుగా, శుభ్రంగా తింది. తొట్టి కూడా నాకేసింది. దానికేం, దుక్కలా ఉంది."

"దగ్గుతోందా?"

"లేదమ్మా. ఎందుకమ్మా దాని మీద మీకంత బెంగ? దానికి దిష్టి తగుల్తుంది" అని నవ్వింది. "ఉంటా. పెద్దాయన పిలుస్తున్నారు, అప్పుడే తొడుగులు వేసుకోమంటున్నారు."

తొడుగులు వేసుకోమంటున్నారా? అప్పుడేనా? పదీ ఇరవై. తొడుగులు వేసుకోవడానికే పావుగంట పడుతుందిలే, చేతులు కడుక్కోవాలి, బూట్లు మార్చుకోవాలి, ఆయనకి ప్రతిదీ రెండుసార్లు చూసుకునే అలవాటు. పదకొండంటే పదకొండే ఆయనకి. ఎన్నేళ్ళుగా చూడ్డంలేదూ? ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఎవరో గొట్టంతో వాకిలి కడుగుతున్నారు. వెనక్కి వచ్చింది. పిపెట్లు వరసగా పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కుడితిలో పడ్డ ఎలుకలా గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి. టీకా వెయ్యని నాలుగు దూడల సంగతి ఎప్పుడూ ఇంతగా ఆలోచించలేదేం? వాటికి రోగం వస్తుందని అందరికీ తెలుసు, కాగితం మీద రాసి సంతకం పెట్టిన రోగం అది, మందులు సిద్ధంగా ఉన్నాయి, బాధ మరీ ఎక్కువైతే నిద్రపుచ్చే సూది సిద్ధంగా ఉంది. తెలిసి పంపడం వేరు. నిన్ను కాపాడానని రాసి, కాపాడకుండా పంపడం వేరు. ఈ రెండింటికీ తేడా దూడకి తెలీదు. ఊపిరి అందనప్పుడు దూడకి ఏమీ తెలీదు, మెడ చాచడం తప్ప.

టైమరు కూసింది. ఆమె చేతులు ఆశ్చర్యంగా నెమ్మదించాయి, పని దొరికింది కదా. ప్లేటు తీసింది, కడిగింది, టిష్యూ కాగితం మీద తట్టింది, తొంభై ఆరు గుంటల్లోనూ రంగు మందు చుక్కలు వేసింది. నీళ్ళలా ఉన్నాయి అన్నీ. చూస్తూ కూర్చుంది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. మొదట రెండో నంబరు వరస లేత పసుపుకి తిరిగింది. తర్వాత పద్నాలుగు. అయిదు ఒక్కసారిగా, గాఢంగా, అన్నిటికంటే గాఢంగా, రెండు డోసులు పడ్డ ఒంటికి అంత గాఢం రాదు. అయిదా, మూడో సూది నీకా పడింది? ఆమె కళ్ళు ఏడు వరస మీద పాతుకుపోయాయి. రెప్ప వెయ్యలేదు. ఏడు పచ్చబడింది. ముందు ఒక గుంట, తర్వాత దాని పక్కది, తర్వాత దాని పక్కది, బంగారంలా, నిండుగా, కిందటిసారి ఏ దూడకీ రానంత నిండుగా. ఏడుపొచ్చింది. ఏడుకి పడింది. రెండూ పడ్డాయి. అయితే తను తప్పు చెయ్యనేలేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, అని అనుకున్న మనసుని ఆమె పట్టుకునేలోపే అది ఇంటిదాకా పోయి, అత్తగారి మంచం పక్కన కూర్చుని, నవ్వుతోంది కూడా. మరి అయిదెందుకు అంత గాఢంగా ఉంది? ఎనిమిది చూసింది. పచ్చగా ఉంది. దాని పక్కన పదకొండు.

పదకొండు వరస నీళ్ళలా ఉంది. మొదటి గుంటలో మాత్రం ఎండిన గడ్డి కడిగిన నీళ్ళంత రంగు, మొదటి డోసు మిగిల్చిన రంగు. ఇంకో నిమిషం ఆగింది. ఇంకో అరనిమిషం. ప్లేటుని తెల్ల కాగితం మీద పెట్టి చూసింది, దీపం కింద పెట్టి చూసింది. అంతే. పదకొండా? మూడు వారాలు తవుడు పెట్టింది ఎవరికి, నిమిరింది ఎవర్ని, భయపడింది ఎవరి కోసం? పదకొండు మొహం ఎలా ఉంటుందో గుర్తుతెచ్చుకోబోతే గుర్తురాలేదు. పసుపు బిళ్ళ ఒక్కటే గుర్తొచ్చింది, దాని మీద బురద. గడియారంలో పదీ నలభై తొమ్మిది.

మెట్లు రెండేసి దిగింది. నడవాలో నేల తడిగా ఉంది, జారింది, గోడ పట్టుకుంది, మళ్ళీ పరుగు. చెబుతాను, పదకొండింటికింకా టైముంది, అన్నీ చెబుతాను, గేటు సంగతి, ఫోను సంగతి, ఫోను సంగతి వద్దు, అది సాకు అవుతుంది, నేను బిళ్ళలు చదవలేదని చెబుతాను, అంతే చాలు. షెడ్డు అద్దం ముందుకొచ్చి రెండు చేతులతో బాదింది. లోపల తెల్ల తొడుగుల్లో ఇద్దరు. పెద్దాయన చేతిలో స్ప్రే గొట్టం. చట్రంలో ఒక దూడ, దాని తల పైకెత్తి పట్టుకుని మేతమ్మ. పెద్దాయన వెనక్కి తిరిగి, గోడకున్న మైకు మీట నొక్కారు.

"ఏమైందమ్మా?"

"సార్, ఆపండి. రెండో డోసు రోజున నేను చెవి బిళ్ళలు చదవకుండా టిక్కులు పెట్టాను. ఒకదానికి పడలేదు. పడలేదని నాకు మర్నాడే అనుమానం వచ్చింది సార్. చెప్పలేదు. ఇందాక మీరొచ్చినప్పుడు కూడా చెప్పలేదు."

తొడుగు వెనక ఆయన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటిలో కోపం కోసం ఆమె వెతికింది, అదన్నా ఉంటే బావుండేది.

"దేనికి?"

"పదకొండుకి."

"వైరస్ పెట్టిన డబ్బాలో మంచు తొందరగా కరిగిపోయింది" అన్నారాయన. ఆయన గొంతు ఎవరో వేరే మనిషిదిలా ఉంది. "ఆగితే వైరస్ బలం పోతుందని ముందే మొదలుపెట్టానమ్మా. ఒకదానికి ఇచ్చేశాను. ఇప్పుడే."

మేతమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. దూడ చెవి తన వైపు తిప్పుకుని, బిళ్ళ మీది బురదని గ్లవుజు వేసుకున్న బొటనవేలితో తుడిచింది.

"ఇదేనమ్మా పదకొండు" అంది. "ముందు దీన్నే తెచ్చాను. ఇది గొడవ చెయ్యదుగా."

దూడ ఒకసారి తుమ్మి, తడి ముక్కుని ఆవిడ మోచేతికి రుద్దుకుంది.